నురగకు మురిసిన కుందేలు

ఎర్రవాగు ఒడ్డున, చాకిరేవుకు కాస్త ఎగువన, ఎవరూ దున్నని చెలక ఒకటి ఉంది. దాని గట్టు మీద తుమ్మకంప, కంప మీద ఒక బొబ్బర తీగ, తీగ వెనక ఒక బొరియ. ఆ బొరియలో తురాయి అనే కుందేలు ఉండేది. తీగ ఎంత దట్టంగా అల్లుకుందంటే, పక్కనే నిలబడ్డవాళ్ళకు కూడా కంపలో సందు ఉందని, అదే తురాయి గుమ్మమని తెలిసేది కాదు. పొద్దుటి ఎండ ఆకుల్లోంచి దూరి బొరియ గోడల మీద పచ్చపచ్చగా ఆడుతుంటే తురాయి వెల్లకిలా పడుకుని చూసేది. తాను నీళ్ళ అడుగున మేడలో ఉన్న రాకుమారినని అనుకునేది. అలా అనుకుంటూ ఒక్కోసారి మేతకు పోవడం కూడా మరిచిపోయేది.

ఆ తీగ మాత్రం తురాయిది కాదు. డిప్పమ్మ అనే తాబేలుది. ఎండలు ముదరగానే డిప్పమ్మ వాగు బురదలోకి దిగి తొలకరి దాకా నిద్రపోతుంది. ఆ ఏడు దాచుకున్న విత్తనానికి పుచ్చు పట్టింది. ఏరగా ఏరగా నాలుగు గింజలు మిగిలాయి. నాలుగూ కంప పక్కన నాటితే ఒక్కటే మొలిచింది. బురదలోకి దిగేముందు డిప్పమ్మ తురాయిని పిలిచి తీగను అప్పజెప్పింది.

"నీడ నీకు, గింజ నాకు," అంది. "కాయ పచ్చిగా కోయకు తల్లీ, తీగ మీదే ఎండనివ్వు. ఈ ఎర్రకన్ను బొబ్బర్లు మా అమ్మమ్మ నాటి విత్తనం. ఇది పోతే ఇంకెక్కడా లేదు."

తురాయి గుండె మీద చెయ్యి వేసుకుని, ప్రాణంలా చూసుకుంటానంది. ఆ మాట అన్నప్పుడు దాని కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తన మాటకు తానే కరిగిపోయే రకం అది.

తీగ పూత పట్టింది. ఊదారంగు పూలు పొద్దున్నే విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకునేవి. ఒక్కో పువ్వుకూ తురాయి ఒక్కో పేరు పెట్టింది. పేర్లు పెట్టడంలో పడి కొసల వంక చూడలేదు. చూసేసరికి లేత కొసలన్నీ నల్లగా, ఆవాలు అద్దినట్టు అయిపోయాయి. పేనుబంక. ఆకులు ముడుచుకున్నాయి, ముట్టుకుంటే వేళ్ళకు జిగురు అంటుతోంది, ఆ జిగురు కోసం గండుచీమలు బారులు కట్టాయి.

తురాయి మొదట చేసిన పని ఏమిటంటే, పాడైన కొసలను లోపలికి తిప్పి, మంచి ఆకులను బయటికి లాగడం. గట్టు మీద తిరిగే కౌజుపిట్టలు చూస్తే నవ్వుతాయని దాని భయం.

చాకిరేవులో బట్టల మూటలు మోసే గంగులు అనే గాడిద, మధ్యాహ్నం మూటలు దించాక ఆ గట్టు నీడకు వచ్చి నిలబడేది. దానికి ఆకు ముందూ వెనకా రెండూ చూసే అలవాటు. లోపలికి తిప్పిన కొసను ముక్కుతో బయటికి తీసి, ఇది పేనుబంక అనీ, కంగారుపడే జబ్బు కాదనీ చెప్పింది. రేవు పక్కన వంగమళ్ళకు ఏం చేస్తారో రోజూ చూస్తోందట. ముంతెడు నీళ్ళలో రేగ్గింజంత సబ్బుముక్క కరిగించాలట. బట్టల పౌడరు మాత్రం పనికిరాదట, అందులో ఆకును కాల్చే క్షారం ఎక్కువ. పొద్దు వాలాక, ఆకు అడుగున, పురుగు ఒళ్ళు తడిసేలా చల్లాలట. తెల్లారి మంచినీళ్ళతో కడగాలట. నాలుగైదు రోజులకు మళ్ళీ చల్లాలట.

"అన్నిటికంటే ముందు ఒక ఆకు మీద చల్లి, రెండు రోజులు ఆగి చూడాలి తురాయీ," అంది గంగులు. "ఆకు బాగుంటేనే తీగకు."

ఆ మాట నిదానంగా, చప్పగా ఉంది. అందులో ఒక్క అందమైన ముక్క లేదు. పైగా కౌజుపిట్టలు వింటున్నాయి.

"మూటలు మోసుకునేవాడివి, నీకు పూలతీగ సంగతి కూడా తెలుసా గంగులన్నా," అంది తురాయి. "ఈసారి వచ్చినప్పుడు పాట కూడా నేర్పి పో."

కౌజుపిట్టలు కిసుక్కున నవ్వాయి. గంగులు చెవులు ఒకసారి వెనక్కి వాల్చి, మళ్ళీ నిలబెట్టి, నీడలో నిలబడింది.

ఆ సాయంత్రమే నక్క వచ్చింది. ఆ గట్టు మీద కుందేలు వాసన ఉందని దానికి చాలా రోజులుగా తెలుసు. గుమ్మం ఎక్కడో మాత్రం అంతుపట్టలేదు. తీగ చుట్టూ మూడుసార్లు తిరిగి, కంపలో ముక్కు రెండుసార్లు గీరుకుని, తీగ ఉన్నంతకాలం ఇది తేలదని అర్థం చేసుకుంది. అందుకే ఆ రోజు పది అడుగుల దూరంలోనే మర్యాదగా కూర్చుంది. తాను మాంసం మానేసి రెండేళ్ళయిందని, రేగుపళ్ళతోనే కాలం గడుపుతున్నానని, ఒంట్లో కూడా తేలిగ్గా ఉందని చెప్పుకుంది. తురాయి ఆకుల చాటునుంచి విన్నది.

"ఈ వాగు పొడవునా ఎన్నో తీగలు చూశాను మరదలా," అంది నక్క. "పూలకు పేర్లు పెట్టి పెంచిన పిల్లను మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. ఇంత సుకుమారమైన తీగకు ఎవరు పడితే వాళ్ళు వైద్యం చెప్పకూడదు."

పూల పేర్ల సంగతి నక్కకెలా తెలిసిందని తురాయి అడగాల్సింది. అడగలేదు. తన మనసు కనిపెట్టినవాడు ఒకడు దొరికాడని పొంగిపోయింది.

నక్క మందు వేరు. రేవులో ఎవరో మరిచిపోయిన బట్టల పౌడరు పొట్లాన్ని నోట కరుచుకొచ్చింది. ముంతెడు నీళ్ళకు మూడు గుప్పిళ్ళు వేయాలంది. నురగ కుండ అంచు దాటి పొంగాలంది. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేని ఎండలో, పైనుంచి కిందిదాకా తీగ మొత్తం తడపాలంది. అప్పుడైతే ఒక్కో బుడగలో ఏడు రంగులూ కనిపిస్తాయట. తీగంతా ఇంద్రధనుస్సులా ఉంటుందట. పేనుబంక ఆ వెలుగు తట్టుకోలేక రాలిపోతుందట.

ముందు ఒక ఆకు మీద చూడాలని గంగులు అన్న సంగతి తురాయి మెల్లగా బయటపెట్టింది.

"అనుమానం ఉన్నవాళ్ళు ఒక్క ఆకు మీద చూస్తారు," అంది నక్క. "ప్రేమ ఉన్నవాళ్ళు చూడరు. నీకు ఏది ఉందో నీకే తెలియాలి మరదలా."

అంతే. తురాయి ఆ రాత్రి బుడగలనే కలగంది.

మర్నాడు మధ్యాహ్నం తురాయి గట్టు మీదికి, తన గుమ్మానికి సరిగ్గా పైన, ఒక మూతి పగిలిన కుండ చేర్చి అందులో నురగ చేసింది. ముంతెడు నీళ్ళు ఏ మూలకని ఆరు ముంతలు పోసి, పొట్లం మొత్తం ఒంపేసింది. నీడకు వచ్చిన గంగులు కుండలోకి ముక్కు పెట్టి, తుమ్మి, వద్దంది. తురాయి వినకపోయేసరికి ఒక్క కొమ్మ తనకు వదిలెయ్యమంది. గట్టు అవతలికి పాకి, మొద్దు మీద పడి ఉన్న కొమ్మ అది. అక్కడ ఎండ తక్కువ, పూలూ తక్కువ. దానికి తురాయి పేర్లు కూడా పెట్టలేదు.

"తీసుకో," అంది తురాయి. "నీ తోకకు సరిపోయినంత వైద్యం చేసుకో."

వేపమండ నురగలో ముంచి తురాయి పైకి విదిలించింది. నక్క చెప్పినట్టే బుడగలు లేచాయి. ఎర్రవి, నీలివి, పచ్చవి. తురాయి ఒళ్ళు మరిచిపోయింది. అప్పుడే ఒక అక్షింతల పురుగు, ఎర్రటి డిప్ప మీద నల్లచుక్కలతో, వచ్చి దాని చేతిమీద వాలింది. అందరూ దాన్ని అక్షింతలమ్మ అంటారు. ఆయాసపడుతోంది.

"ఆ మధ్య రెమ్మ ఒక్కటి వదిలెయ్యమ్మా," అంది అక్షింతలమ్మ. "నా పిల్లలున్నారు. వాళ్ళు తినేది పేనుబంకనే, నీ తీగను కాదు."

తురాయి మధ్య రెమ్మ చూసింది. అక్కడ పాకుతున్నవి నల్లగా, ముళ్ళు ముళ్ళుగా, నారింజ మచ్చలతో ఉన్నాయి. పేనుబంక కంటే అసహ్యంగా ఉన్నాయి. ఇంత ముచ్చటైన తల్లికి ఇలాంటి పిల్లలేమిటి అనుకుంది. అక్షింతలమ్మ ఎవరినో చూసి తన పిల్లలని పొరబడి ఉంటుందని కూడా అనుకుంది. అనుకోవడానికి దానికి ఎంతో సేపు పట్టలేదు. మండ నిండా నురగ తీసి ఆ రెమ్మ మీద మూడుసార్లు కొట్టింది. అవి ఒక్కొక్కటే ముడుచుకుని కింద పడ్డాయి.

 అక్షింతలమ్మ రెక్కలు విప్పి మధ్య రెమ్మ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

గంగులు పొద్దు వాలేదాకా ఆగింది. ముంతెడు వాగునీళ్ళలో రేగ్గింజంత సబ్బుముక్క కరిగించి, తోక ముంచి, అవతలి కొమ్మకు ఒక ఆకు అడుగున తుడిచి ఊరుకుంది.

రెండో రోజుకు తీగ వాలిపోయింది. మూడో రోజుకు ఆకులు అంచుల నుంచి లోపలికి కాలిన కాగితంలా అయ్యాయి. పూలు రాలాయి, పిందెలు నల్లబడ్డాయి. ముడుచుకున్న ఆకుల మడతల్లో పేనుబంక మాత్రం ఇంకా కొంత మిగిలే ఉంది, వాటికి నురగ తగలనే లేదు. ఆ పొద్దున తురాయి కళ్ళు తెరిచేసరికి బొరియ గోడల మీద పచ్చటి వెలుగు లేదు. తెల్లటి ఎండ మొహం మీద కొట్టింది. గుమ్మం బోసిగా, దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తూ ఉంది.

ఎండిన మధ్య రెమ్మ మీద అక్షింతలమ్మ ఇంకా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది. ప్రతి ఆకూ ఎత్తి చూస్తోంది. తురాయి దాన్ని పిలుద్దామని నోరు తెరిచింది.  అంతలోనే మొహం రెండు చేతులతో కప్పుకుని బొరియ అడుక్కి పోయి కూర్చుంది. సిగ్గుతో చెవులు రెండూ సెగలు కక్కుతున్నాయి.

పొద్దు బాగా ఎక్కాక గుమ్మంలో ఎండ పోయింది. నీడ పడింది. నక్క నీడ.

"ఇదా మరదలా నీ ఇల్లు," అంది నక్క. "నెల రోజుల నుంచీ ముక్కు గీరుకుంటున్నాను. నువ్వే తలుపు తీశావు."

తురాయికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. మూడు గుప్పిళ్ళు ఎందుకో, మిట్టమధ్యాహ్నం ఎందుకో, ఇంద్రధనుస్సు ఎందుకో. బొరియకు రెండో దారి లేదు. నక్క ముందుకాలు లోపలికి పెట్టి తడుముతోంది. భయం కంటే ముందు తురాయికి మళ్ళీ సిగ్గే వేసింది, ఇంత సులువుగా పడిపోయానా అని. ఆ తర్వాత ఆలోచించింది. పొద్దు నడినెత్తికి వస్తోంది. గంగులు మూటలు దించే వేళ. నక్కకు తన మాటలంటే తనకే ఎంత ఇష్టమో తురాయికి బాగా తెలుసు, ఎందుకంటే అది తన జబ్బు కూడా.

"వస్తాను బావా," అంది తురాయి. "ఒక్క సంగతి తేలక ప్రాణం కొట్టుకుంటోంది. మందులో నేనెక్కడ తప్పాను? నీ చేతి మందైతే ఇలా అయ్యేది కాదు. ఎన్ని గుప్పిళ్ళన్నావు?"

నక్క కాలు ఆగింది. మూడు అంది. రెండే వేశానేమో అని తురాయి నొచ్చుకుంది. అసలు నీళ్ళు ముందా, పౌడరు ముందా అని అడిగింది. నక్క తోక చుట్టుకుని గుమ్మంలో కూర్చుని, కళ్ళు మూసుకుని మొదటి నుంచీ మొదలుపెట్టింది. నురగ పొంగే చోటికి వచ్చేసరికి దాని గొంతు ఎంతో తియ్యగా అయింది. ఏడు రంగుల దగ్గర మరీ లీనమైపోయింది. బయట గట్టు మీద గిట్టల చప్పుడు వినిపించింది. వచ్చింది గంగులే.

పిలవాలి. మొన్న పాట నేర్పమన్న నోటితోనే పిలవాలి. తురాయి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"గంగులన్నా, ఆ కుండ," అంది.

గంగులు ఏ కుండ అనలేదు, ఎందుకు అనలేదు. గట్టు మీద మూడు రోజుల నుంచీ ఎండకు చిక్కబడ్డ ఆ పౌడరు నీళ్ళ కుండను మూతితో తోసింది. మిగిలిన మందంతా నక్క నెత్తిన పడింది. నక్క కళ్ళు తెరిచింది, తెరవకుండా ఉండాల్సింది. కళ్ళు మండి లేవబోతే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా జారాయి. జిడ్డు గట్టు మీద, ఒంటినిండా నురగతో, బుడగలు విడుస్తూ కింది దాకా దొర్లి నాగజెముడు పొదలో ఆగింది. ఎండ బాగా ఉంది కాబట్టి ఏడు రంగులూ కనిపించాయి. కౌజుపిట్టలు ఆ రోజు నవ్వినంత ఎప్పుడూ నవ్వలేదు. తురాయికి మాత్రం నవ్వు రాలేదు. నక్క మళ్ళీ ఆ గట్టుకు రాలేదు.

గంగులు ఒక్క మాటన్నా అని ఉంటే బాగుండేదని తురాయికి అనిపించింది. చెప్పలేదా అనో, ఇప్పుడు తెలిసిందా అనో. గంగులు అలాంటిదేమీ అనలేదు. అవతలి కొమ్మ దగ్గరికి తీసుకుపోయింది. తుడిచిన ఆకు పచ్చగానే ఉంది. అందుకని ఆ సాయంత్రం గంగులు కొమ్మ అంతటికీ, ఆకుల అడుగున, తోకతో నిదానంగా చల్లింది. ఒక్క చోట మాత్రం చల్లకుండా వదిలేసింది. అక్కడ ముళ్ళు ముళ్ళుగా, నారింజ మచ్చలతో రెండు పిల్లలు పేనుబంకను నములుతున్నాయి.

"ఇవి అక్షింతలమ్మవే," అంది గంగులు. "పాకుతూ ఇటు వచ్చాయి కాబట్టి మిగిలాయి."

తురాయి పోయి, తలెత్తకుండానే, అక్షింతలమ్మకు ఆ కొమ్మ చూపించింది. క్షమించమని అడుగుదామనుకుంది. దారిపొడవునా అందమైన మాటలు కూర్చుకుంది కూడా. తల్లి పిల్లల దగ్గరికి పరుగెత్తడం చూశాక ఆ మాటలన్నీ నురగలాగా అనిపించి మింగేసింది.

అప్పటినుంచీ తెల్లవారగానే వాగునీళ్ళు మోసుకొచ్చి ఆ కొమ్మ కడిగింది తురాయే. తీగ మొదలు ఎండకుండా తడి పెట్టింది కూడా. ఒక్క పువ్వుకూ పేరు పెట్టలేదు. రోజుకొకసారి ప్రతి ఆకూ ఎత్తి అడుగు చూసింది. ఆ కొమ్మ కాసిన ఒకటి రెండు కాయలనూ తీగ మీదే ఎండనిచ్చింది. ఇంటికి తలుపు లేదు కాబట్టి గంగులును కట్టేసే గుంజ పక్కనే, దాని కాళ్ళ దగ్గర తలదాచుకుంది. కౌజుపిట్టలు వచ్చి ఏమేమో అన్నాయి. తురాయి ఆకులు ఎత్తి చూస్తూనే ఉంది.

తొలకరి పడింది. రెండో వానకు డిప్పమ్మ బురద దులుపుకుంటూ గట్టెక్కింది. ఎండిన తీగను కిందినుంచి పైదాకా చూసింది. తురాయి ఎదురుగా నిలబడింది. కౌజుపిట్టలు చెవులు రిక్కించాయి.

"నక్క వచ్చి," అని మొదలుపెట్టింది తురాయి. ఆ మాట అబద్ధం కాదు. నక్క వచ్చింది, నక్క చెప్పింది, నక్క మోసం చేసింది. అక్కడితో ఆపితే ఎవరూ తప్పుపట్టరు. కానీ మొద్దు మీద కొమ్మ చివర అక్షింతలమ్మ కూర్చుని ఉంది. అటే చూస్తోంది.  తురాయి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.

"నేనే కాల్చాను పెద్దమ్మా. గంగులన్న ఒక్క ఆకు మీద చూడమన్నాడు. నలుగురిలో వెక్కిరించాను. అక్షింతలమ్మ పిల్లలున్నారని చెప్పింది. వాళ్ళు అందంగా లేరని కొట్టాను. మిగిలిన గింజలు గంగులన్నవి, నావి కావు."

అరచేయి చాపింది. అందులో ఎర్రకన్ను బొబ్బర్లు పదకొండు ఉన్నాయి.

డిప్పమ్మ చాలాసేపు వాటివంకే చూసింది. తిడుతుందేమోనని తురాయి ఎదురుచూసింది, తిడితే తేలికవుతానని కూడా ఆశపడింది. డిప్పమ్మ తిట్టలేదు. పది గింజలు తీసుకుని ఒకటి దాని చేతిలోనే వదిలింది.

"గుమ్మం ముందు నాటుకో," అంది. "నీడ లేకుండా ఎన్నాళ్ళుంటావు."

ఆ గింజ అరచేతిలో ఉంటే నిప్పు పట్టుకున్నట్టే ఉంది తురాయికి. నాటింది. మొలిచింది. కొత్త తీగ కంప ఎక్కిన నాలుగో వారం, ఒక ఆకు ఎత్తి చూస్తే అడుగున పసుపుపచ్చటి గుడ్లు, కుప్పగా, నిలువుగా అతికించి ఉన్నాయి. పక్కనే అక్షింతలమ్మ నిలబడి ఉంది. ఎగిరిపోలేదు. తురాయి ఆకును ఎంత మెల్లగా ఎత్తిందో అంత మెల్లగా దించి, వెనక్కి వెనక్కి నడిచి, బొరియలో తల వంచుకుని కూర్చుంది. గోడల మీద పచ్చటి వెలుగు మళ్ళీ ఆడుతోంది. ఈసారి అది చూడటానికి దానికి మొహం చెల్లలేదు.

నీతి: ఒక ఆకు మీద చూసుకోని మందును తీగ మొత్తానికి చల్లకూడదు, పొగడ్తనైనా పరీక్షించకుండా నమ్మకూడదు.